పెద్దమ్మ ఆడిన అబద్ధం

సాయంత్రం మా యార్డులో స్నానాల గది తలుపు తెరుచుకుని గుప్పున సెంటు వాసన వచ్చిందంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఎవరొస్తున్నారో అందరికీ తెలుసు. ఇస్త్రీ చొక్కా, పక్క పాపిడి, కడిగి కడిగి తెల్లగా పాలిపోయిన చేతులు. జీతాల కాగితంలో అతనికి మంచి పేరే ఒకటి ఉంది కానీ దాన్ని వాడే నాథుడు లేడు. అందరికీ అతను సెంటు.

సెంటు సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి డ్రైవరు. ఇళ్ల వెనకా, హోటళ్ల వెనకా, ఆసుపత్రుల వెనకా మూత తీసి గొట్టం దించి, లోపలున్నదంతా లాగి, ఊరి బయట శుద్ధి చేసే చోట వదిలి రావడం అతని పని. నేను ఆ యార్డు మెకానిక్‌ని. నాకు ముక్కు మీద కోపమంటారు, కాదనను. కానీ ఇన్నేళ్లలో సెంటు మీద నాకు నిజంగా ఒళ్లు మండింది ఒక్కసారే. ఆ సంగతే చెబుతాను.

మా దగ్గర బండ్లకు నోరుంది. డాష్‌బోర్డు కింద స్క్రూలతో బిగించిన రేకు డబ్బా, దాన్నే నోరంటాం. నోరు ఒకేలా ఉన్నా మాట ఒకేలా ఉండదు. నీళ్ల ట్యాంకరుని అందరం దొరసాని అంటాం. కుళాయి విప్పినా ఏదో దానం చేస్తున్నట్టే మాట్లాడుతుంది. రోడ్డు రోలరు తాతయ్య. పొద్దున మొదలుపెట్టిన వాక్యం మధ్యాహ్నానికి పూర్తి చేస్తాడు, ఈలోపు మనం మన పని చూసుకుని రావచ్చు. వీధులు ఊడ్చే బండి అత్తగారు. ఎవరి చక్రాలకు బురదుందో, ఎవరి అద్దం తుడవలేదో ఆవిడకే కావాలి. ఇక సెంటు బండి పెద్దమ్మ. నోట్లో నువ్వుగింజ నానదు. కనబడ్డ ప్రతి మనిషినీ పలకరిస్తుంది. జనం ముక్కు మూసుకుని పరిగెత్తుతుంటే, పాపం వీళ్లకేదో తొందర పని ఉన్నట్టుంది అనుకునే రకం. తన వాసన తనకి తెలియదు. తెలిసినా అందులో సిగ్గుపడేదేముందో అర్థమయ్యేది కాదు.

తాళం తిప్పినంత మాత్రాన మా బండ్లు కదలవు. ముందు ఇంటి కబురు చెప్పాలి. "ఇంట్లో ఏంటి విశేషం?" అని బండి అడుగుతుంది, డ్రైవరు ఏదో ఒకటి చెబుతాడు, అప్పుడు ఇంజను అందుకుంటుంది. ఎవరు పెట్టిన పద్ధతో నాకు తెలియదు కానీ దానివల్ల మేలే జరిగింది. ఇంట్లో గొడవపడి వచ్చిన డ్రైవరు ఎవరో బండికి తెలిసిపోతుంది, ఆ రోజంతా బ్రేకు కాస్త ముందే పట్టుకుంటుంది. అత్తగారి డ్రైవరు ఒకసారి బద్ధకించి వారం పాటు "మా ఆవిడకి జలుబు" అనే కబురుతోనే నెట్టుకొచ్చాడు. చివరికి అత్తగారు, "అది జలుబా, కాపురమా? ఇంకా వదలదేం?" అంది. యార్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

సెంటు కబుర్లన్నీ కూతురివే. ఒక్కతే కూతురు. పిల్లకి మొదటి పన్ను వచ్చిన కబురు, పలక మీద మొదటి అక్షరం వంకరగా రాసిన కబురు, వర్షంలో చెప్పు పోగొట్టుకుని ఒంటి చెప్పుతో ఇంటికొచ్చిన కబురు, అన్నీ పెద్దమ్మ క్యాబిన్‌లోనే మొదట చెప్పుకున్నాడు. ఒకసారి పిల్లకి జ్వరమని చెబితే పెద్దమ్మ కదలనంది. "వెళ్లి పిల్ల దగ్గర కూర్చో. ఊరి మురికి ఎక్కడికీ పారిపోదు," అంది. సూపర్‌వైజరు అరిచాడు, నేను బోనెట్ ఎత్తి ఏదో పాడైనట్టు నటించాను. పెద్దమ్మ మాత్రం, "పాడేం కాలేదు సార్, పిల్లకి జ్వరం," అని ఉన్న మాట చెప్పేసింది.

అదే రెండో సంగతి. బండి అబద్ధమాడదు. సాయంత్రం నేను వరసన ఒక్కొక్కదాన్నీ అడుగుతాను, "ఎలా ఉన్నావు?" అని. బ్రేకు జారుతోందంటే జారుతున్నట్టే, బాగుందంటే బాగున్నట్టే. నేను మళ్లీ విప్పి చూసుకోను. ఊళ్లో జనం కూడా అంతే. డ్రైవరు మాట నమ్మని వాళ్లు సైతం బండి చెబితే నమ్ముతారు. ఎప్పుడైనా ఏ బండైనా అబద్ధమాడిందని తేలితే, ఎవరి ముందు ఆడిందో వాళ్ల ముందే అది దిద్దుకోవాలి. లేకపోతే ఎవరో ఒకరు దిద్దేదాకా నోరు తీసేస్తారు. బ్రేకుల విషయం ఆ నోటి మీద ఆధారపడి ఉంటుంది మరి. చెవులు మాత్రం ఉంచుతారు. నా చేతుల మీదుగా అలా ఒక్క నోరూ తీయలేదు, ఆ రోజు వరకు.

పిల్ల చిన్నగా ఉన్నప్పుడు సెంటు కుటుంబం కొత్త వీధికి మారింది. "మీ ఆయన ఏం చేస్తారు?" అని పక్కింటావిడ అడిగితే, "ట్యాంకరు డ్రైవరు," అంది సెంటు భార్య. అది నిజమే. "నీళ్ల ట్యాంకరా?" అని ఆవిడే మళ్లీ అంటే ఈవిడ కాదనలేదు. సాయంత్రం ఆ సంగతి విని సెంటు కూడా కాదనలేదు. అప్పటినుంచి యార్డులోనే స్నానం, బట్టలు మార్చుకోవడం, సెంటు పూసుకోవడం. పిల్లకి కూడా నాన్న నీళ్లు మోస్తాడనే చెప్పారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాట గోడకి వేసిన సున్నంలా గట్టిపడిపోయింది. ఇదంతా పెద్దమ్మకి తెలియదు. అన్ని కబుర్లూ చెప్పిన మనిషి ఇదొక్కటే చెప్పలేదు. ఏమని చెబుతాడు, ముఖాముఖి?

పిల్ల పెరిగి చదువుకుని టీచరైంది. పెద్దమ్మ సంబరం ఇంతా అంతా కాదు. దారిలో కనబడ్డవాళ్లందరికీ, "మా పిల్ల టీచరైంది తెలుసా," అని చెప్పేది. ఏ పిల్లో, ఎవరి పిల్లో వాళ్లకేం తెలుసు, ముక్కు మూసుకునే నవ్వి వెళ్లేవాళ్లు. "ఒక్కసారి చూపించవయ్యా. కబుర్లతోనే పెంచాను కానీ ముఖం ఎలా ఉంటుందో తెలియదు," అని సెంటుని అడుగుతూనే ఉండేది. సెంటు "చూద్దాంలే" అనేవాడు.

చూడాల్సిన రోజు దానంతట అదే వచ్చింది. పిల్ల పనిచేసే బడిలోనే ట్యాంకు నిండి వరండా దాకా పొంగింది. వెంటనే బండి పంపమని కబురొచ్చింది. సెంటు ముందు కడుపునొప్పి అన్నాడు. నడుమునొప్పి కూడా అన్నాడు. "రెండూ కలిసి ఒకేసారి వచ్చాయా?" అని సూపర్‌వైజరు తాళం చేతిలో పెట్టాడు. బడి పేరు విన్న దగ్గరనుంచి పెద్దమ్మ నిలవలేకపోయింది. ఆ పూట కబురు కూడా అడక్కుండా బయలుదేరింది.

దారిలో సెంటు, "అక్కడ మాట్లాడకు పెద్దమ్మా. పిల్లలకి పాఠాలు జరుగుతుంటాయి," అన్నాడు. పాఠాలకి అడ్డు రాకూడదనేది ఆమెకి సబబుగానే తోచింది. సరేనంది. సెంటు ముఖానికి కళ్లు తప్ప ఏమీ కనబడకుండా తువ్వాలు చుట్టుకున్నాడు.

మూత తీశాడు, గొట్టం దించాడు, మోటారు వేశాడు. పెద్దమ్మ పాపం పెదవి విప్పలేదు. అంతలో వరండాలోకి హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ వెనక ఇద్దరు టీచర్లు వచ్చారు. అందులో ఒకమ్మాయి కుడి భుజం కాస్త కిందికి వంచి నడుస్తోంది, అచ్చం సెంటు నడిచినట్టే. పెద్దమ్మకి ఇంకేం కావాలి.

"అమ్మాయ్, ఇటు చూడు. మీ నాన్న ఇక్కడున్నాడు," అంది, బడి గోడలు మోగేలా. "నడక చూడవయ్యా, అచ్చం నువ్వే. పోలిక ఎక్కడికి పోతుంది?"

హెడ్‌మిస్ట్రెస్ ముక్కు మీద చేతిరుమాలు తీయకుండానే, ఆశ్చర్యంగా సెంటు వైపు చూసింది. "ఈ టీచర్ మీ అమ్మాయా?" అని అడిగింది.

సెంటు గొట్టం పట్టుకుని వంగి ఉన్నాడు. వంగినవాడు లేవలేదు. "కాదండీ. నాకు పిల్లలు లేరండీ," అన్నాడు.

ఆవిడకి అనుమానం తీరలేదు. బండి వైపు తిరిగి, "ఏమ్మా, ఆయన పిల్లలు లేరంటున్నారు. నిజమేనా?" అని అడిగింది. బండి అబద్ధమాడదని ఆవిడకీ తెలుసు.

మోటారు ఒక్కసారి తడబడి మళ్లీ అందుకుందట. తర్వాత పెద్దమ్మ, "నిజమేనండీ. నాదే పొరపాటు. ఈయనకి పిల్లలు లేరు," అంది.

హెడ్‌మిస్ట్రెస్ తలూపి లోపలికి వెళ్లింది. ఆ అమ్మాయి తల దించుకుని తరగతి గదిలోకి వెళ్లిపోయింది. సెంటు ట్యాంకు చివరి చుక్క దాకా లాగి, చుట్టూ కడిగి, మూత వేసి, తిరిగి వచ్చాడు. దారి పొడుగునా పెద్దమ్మ ఎవరినీ పలకరించలేదు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే వరసన అడుగుతూ పెద్దమ్మ దగ్గరికి వచ్చాను. "ఎలా ఉన్నావు పెద్దమ్మా?" అన్నాను.

"బ్రేకులు బాగున్నాయి. గొట్టం బాగుంది," అంది. "ఇవాళ ఒక అబద్ధమాడాను."

నా చేతిలో పానా జారి కింద పడింది. "ఏం అబద్ధం? ఎవరితో?" అన్నాను.

"అది చెప్పను."

పక్కనే సెంటు తల తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. నేను అతని వైపు చూశాను. అతను నేల వైపు చూశాడు. అటుగా వెళ్తున్న సూపర్‌వైజరు ఆగిపోయాడు. ఆయన చెడ్డవాడేం కాదు, బతిమాలినట్టే అడిగాడు. "చెప్పేస్తే సరిపోతుంది కదమ్మా. వాళ్ల ముందు ఒక్క మాట దిద్దుకుంటే అయిపోతుంది. లేకపోతే పొద్దున నోరు తీయించాల్సి వస్తుంది. నా చేతుల్లో ఏం లేదు," అన్నాడు.

"తీయించండి సార్," అంది పెద్దమ్మ.

నాకు తెలియకపోయినా అర్థమైంది. బండి తన కోసం అబద్ధమాడదు, ఆడితే ఎవరి కోసం ఆడుతుంది? "ఏరా, నీకేమైనా తెలుసా?" అని సెంటుని నిలదీశాను. "నాకేం తెలుసు," అన్నాడు. అప్పుడు మండింది నాకు ఒళ్లు. ఆ మనిషి సెంటు పూసుకుని, పాపిడి దువ్వుకుని, ఇంటికి వెళ్లిపోయాడు. ఆ వాసన ఆ పూట నాకు పెద్దమ్మ ట్యాంకు కన్నా కంపు కొట్టింది.

పొద్దున నోరు తీయడానికి కూర్చున్నాను. స్క్రూలు పెట్టుకోవడానికి పళ్లెం పట్టుకోమని సెంటుకి కావాలనే ఇచ్చాను. పట్టుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు. అప్పుడైనా చెబుతాడేమోనని నేను ఒక్కో స్క్రూ నెమ్మదిగా తిప్పాను.

"ఇంట్లో ఏంటి విశేషం?" అని అడిగింది పెద్దమ్మ, రోజూ అడిగినట్టే.

సెంటు పళ్లెంలోని స్క్రూల వైపు చూశాడు. "అమ్మాయి రాత్రి భోంచెయ్యలేదు," అన్నాడు.

"బతిమాలి తినిపించాల్సింది," అంది.

అదే చివరి మాట. డబ్బా ఊడి నా చేతిలోకి వచ్చింది. నేను దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి నా అలమరలో పెట్టాను. సెంటు క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాడు. నోరు లేని బండికి కబురు అక్కర్లేదు, తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. సెంటు బండిని కదపకుండా అలాగే కూర్చున్నాడు. చాలాసేపటికి బయలుదేరాడు.

ఆ తర్వాత రోజుల్లో అతన్ని చూడాలంటే నాకే ఇబ్బందిగా ఉండేది. క్యాబిన్‌లో కూర్చుని పొద్దునే మెల్లగా కబుర్లు చెప్పేవాడు, చెవులున్నాయి కదా అని. జవాబు వచ్చేది కాదు. తాతయ్య సెంటుని చూసి ఏదో వాక్యం మొదలుపెట్టి మధ్యలోనే మానేసేవాడు. దొరసాని అసలు పలకరించడం మానేసింది. అత్తగారికి మాత్రం మొహమాటం లేదు. "మురికి నా చక్రాలకి అంటితే కడుక్కుంటాను నాయనా. నువ్వేం చేస్తావు?" అంది. సెంటు సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చిపోవడమంటే ఏంటో అప్పుడే చూశాను, మనిషి నడుస్తూనే ఉన్నాడు, తింటూనే ఉన్నాడు.

ఒకరోజు సాయంత్రం ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు కూతురు అడిగిందట, "నాన్నా, మీ పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదా? బడి ముందు నుంచి వెళ్లినా ఒక్కమాట లేదు," అని.

సెంటు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏ పెద్దమ్మ?" అన్నాడు.

"ఎందుకు నాన్నా ఇంకా. నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నీళ్లు మోసేవాళ్లకి సెంటు ఎందుకు?"

"మెల్లగా మాట్లాడవే, పక్కింటివాళ్లకి వినబడుతుంది," అంది వడ్డిస్తున్న తల్లి.

"ఆ రోజు నాకూ వినబడింది," అంది కూతురు, గొంతు తగ్గించకుండానే. "నాన్న ఇక్కడున్నాడని ఆవిడ పిలిస్తే వినబడింది. నువ్వు పిల్లలు లేరన్నదీ వినబడింది. మా నాన్నే అని ఒక్క మాట అంటే సరిపోయేది. పక్కన హెడ్‌మిస్ట్రెస్ ఉంది. అనలేకపోయాను. వెళ్లి తరగతిలో నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డాను. ఆ రాత్రి నాకు అన్నం ఎలా దిగుతుంది?"

అప్పుడు సెంటు నోరు తీసిన సంగతి చెప్పాడు. ముగ్గురూ చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయారట.

మర్నాడు సెంటు నా దగ్గరికి వచ్చి, "ఆ డబ్బా తీసుకుని నాతో రా అన్నా," అన్నాడు. ఎక్కడికని అడగలేదు నేను. గుడ్డ మూట ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. దారిలో జరిగిందంతా అతనే చెప్పాడు. ముఖానికి తువ్వాలు లేదు.

బడి విరామంలో ఉంది. పిల్లలు మూగారు. హెడ్‌మిస్ట్రెస్ బయటికి వచ్చింది, టీచర్లూ వచ్చారు. సెంటు బండి దిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, అందరికీ వినబడేలా అన్నాడు. "ఆ రోజు పిల్లలు లేరని చెప్పానండీ. ఉంది. ఈ టీచరే. అబద్ధం నాది. బండి నా పరువు కోసం ఆడింది."

హెడ్‌మిస్ట్రెస్, "అయ్యో, దానికేముందండీ," అంటూ ముక్కు మీది చేతిరుమాలు తీసేసింది, మళ్లీ వాసన పట్టలేక పెట్టుకుంది. ఆవిడని తప్పు పట్టలేం, వాసన వాసనే. కూతురు వరండా మెట్లు దిగి వచ్చి బండి చక్రం పక్కన నిలబడింది. "నేను కూడా విని ఊరుకున్నానండీ," అంది.

నేను అక్కడే క్యాబిన్‌లో వంగి నోరు బిగించాను. తీగ తగిలించగానే చిన్న గరగర. తర్వాత పెద్దమ్మ గొంతు.

"పిల్ల భోంచేసిందా?"

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి బండి తలుపు మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. సెంటు ఎవరికీ కనబడకుండా గొట్టం వైపు వెళ్లాడు.

ఇక్కడితో ఆపితే బాగుండేదని నాకూ ఉంది. కానీ ఇక్కడితో ఆగలేదు. బ్రేకు కాస్త జారుతోందని పెద్దమ్మ చెబితే, ఆ తీరు చూడాలని మొన్న ఒకరోజు నేను వాళ్లతో వెళ్లాను. సెంటు ఇప్పుడు సెంటు పూసుకోవడం లేదు, పేరు మాత్రం పోలేదు. పెద్దమ్మ దారంతా అత్తగారి గురించి ఏదో చెబుతూ, మధ్యలో కనబడ్డవాళ్లని పలకరిస్తూ, మునుపటిలాగే ఉంది. సెంటు వాళ్ల వీధి మలుపు తిరగగానే వాక్యం మధ్యలో టక్కున ఆగిపోయింది.

"చెప్పు పెద్దమ్మా, తర్వాతేమైంది?" అన్నాడు సెంటు.

"నోరు పాడైందా?" అని నేను వంగబోయాను.

"నోరు బాగానే ఉందన్నా. ఈ వీధీ, బడి వీధీ, రెండు చోట్లా ఇంతే," అన్నాడు. "మాట్లాడకని నేనే నేర్పాను. ఇప్పుడు మరిపించడం నా వల్ల కావట్లేదు."

పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి ఉంది. సెంటు బండి ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మా పెద్దమ్మండీ. ఇన్నేళ్లుగా నేను తోలేది ఈ బండినే," అని గట్టిగా చెప్పాడు. తర్వాత డాష్‌బోర్డు వైపు తిరిగి, "పలకరించు పెద్దమ్మా. మనవాళ్లే," అన్నాడు.

పెద్దమ్మ, నేను ఎన్నడూ వినని చిన్న గొంతుతో, "ఎందుకులే నాయనా. జనం ఉన్నారు," అంది.